సభ ముగిసిన మరునాడు

సభలు జరుపుట మన దేశమునకు క్రొత్త కాదు. పందిరి వేయుట, ఆహ్వానములు పంపుట, అధ్యక్షుని ఎన్నుకొనుట, తీర్మానములు చదువుట, చివరకు వందన సమర్పణ – ఈ వరుస మన కందరకు కంఠస్థమే. అయితే ఆ పందిరి విప్పిన మరునాడు మిగిలిన దేమి అను ప్రశ్నను మనము తరచుగా వేసికొనము. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఒక ప్రత్యేకమైన సభల చరిత్ర. లాభాపేక్ష లేని సేవాసంస్థలు, లోకములోనికి క్రొత్త యంత్రము వచ్చినప్పుడు దానిని తమ పనికి ఎట్లు వినియోగించుకొనవలెనని ఆలోచించుటకై జరుపుకొనిన సభలవి. ఆ చరిత్రలో పట్టణములు మారినవి, యంత్రములు మారినవి. మరునాటి ప్రశ్న మాత్రము మారలేదు.

మొదట మన ఇంటి కథ చెప్పుకొందము. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రథమ మహాసభ జరిగినది. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు అధ్యక్షత వహించిరి. అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలగువారు పూనుకొని, ఊరూర వెలసిన చిన్న చిన్న పఠన మందిరముల వారిని ఒకచోట చేర్చిరి. ఆనాటి గ్రంథాలయములలో పెక్కింటిని సర్కారు పెట్టలేదు. గ్రామస్థులు చందాలు వేసికొని నిలిపిరి. ఒక బీరువా, నాలుగు పత్రికలు, ఒక దీపము – చాలచోట్ల అంతియే ఆస్తి. ఒకదాని సంగతి ఒక టెరుగక విడివిడిగా బ్రదుకుచున్న అట్టి సంస్థలకు ఒక సంఘము నేర్పరచుట ఆ సభ చేసిన ముఖ్యకార్యము. సభలోని ఉపన్యాసములు గాలిలో కలిసిపోయినవి. సంఘము నిలిచినది; ‘గ్రంథాలయ సర్వస్వము’ అను పత్రిక వెలువడినది; ఊరిలో బీరువాను కాచుకొని కూర్చున్న మనిషికి తనవంటి వారు ఇంకను ఉన్నారని తెలిసినది.

1919లో మద్రాసున అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగినప్పుడు బరోడా సంస్థానపు గ్రంథాలయాధికారి కుదాల్కరు గారు అధ్యక్షులైరి. మహారాజు శాయాజీరావు గారి పాలనలో బరోడావారు పుస్తకములను పెట్టెలలో సర్ది గ్రామగ్రామమునకు పంపు పద్ధతిని నడపుచుండిరి. ఒక ఊరివారు చదివి ముగించిన పెట్టె వేరొక ఊరికి పోవును. తరువాత 1935లో మన కృష్ణా డెల్టా కాలువలలో పాతూరి నాగభూషణము గారు పుస్తకములను పడవ కెక్కించి ఒడ్డున నున్న పల్లెలకు అందించిరి. ఆ పెట్టెయు, ఈ పడవయు ఆ కాలపు సాంకేతిక సాధనములే. చందాలతో బ్రదుకు సంస్థ తనకు అందుబాటులో నున్న సాధనమును పట్టుకొని, పుస్తకమును దానికై ఎదురుచూచు మనిషి వద్దకు చేర్చినది. ఈ పెట్టెను శ్రోతలు గుర్తుంచుకొన గోరెదము. దానితో మనకు మరల పని యున్నది.

పుస్తకము పెట్టెలో పోయిన కాలము నుండి, అక్షరము టెలిఫోను తీగ మీద పోవు కాలమునకు వత్తము. 1984 అక్టోబరులో ఇటలీ దేశమున, రోము నగరమునకు చేరువ కొండల మీద నున్న వెల్లెత్రి అను చిన్న పట్టణములో ఒక సమావేశము జరిగినది. నాలుగు ఖండముల నుండి వచ్చిన స్వచ్ఛంద సంస్థల వారు, ముఖ్యముగ సమాచార సేకరణ కేంద్రములను నడపువారు, అక్కడ కలిసికొనిరి. మానవహక్కులు, పేదదేశముల అభివృద్ధి, పెద్ద పెద్ద వ్యాపారసంస్థల నడవడి – ఇట్టి విషయముల మీద కాగితములను పోగుచేసి భద్రపరచుట వారి వృత్తి. ఆ కాగితములు ఒక దేశము నుండి ఇంకొక దేశమునకు తపాలాలో పోవుటకు వారములు పట్టుచుండెను. కంప్యూటరును టెలిఫోనుకు తగిలించి ఆ పనిని నిమిషములలో జరుప వచ్చునా? జరుపవచ్చు నన్నచో, ఆ ఖర్చును భరించుట ఎట్లు? ఇదియే వారి చర్చ. ఆ సమావేశపు ఒడంబడికతో ‘ఇంటర్‌డాక్’ అను కూటమి ఏర్పడినది.

ఈనాడు జేబులో టెలిఫోను పెట్టుకొని తిరుగు మనకు ఆనాటి కష్టము ఊహ కందదు. మోడెము అను చిన్న పరికరము కంప్యూటరులోని అక్షరములను ధ్వనిగా మార్చి టెలిఫోను తీగ మీద పంపును. అవతలి మోడెము ఆ ధ్వనిని మరల అక్షరములుగా మార్చును. తీగలో గరగర వచ్చినచో అక్షరములు చెదరును. విదేశమునకు టెలిఫోను చేయుటకు ధర అధికము గనుక, ఉత్తరములను పగలంతయు ఒక యంత్రములో పోగుచేసి, ధర తగ్గు రాత్రివేళ ఒక్క పెట్టున పంపుచుండిరి. గాలిలోని ధ్వనులతో పని చేయు మేము ఆ అర్ధరాత్రి కాపలాను సులభముగనే ఊహింపగలము. తీగ కలిసిన దను సంకేతము వినవచ్చువరకు చెవి రిక్కించుకొని కూర్చుండుట మా వృత్తిలోను ఉన్నదే.

ఆ తొందర యెందుకని అడుగువారికి ఆ సంవత్సరమే సమాధానము చెప్పినది. వెల్లెత్రి సమావేశము ముగిసిన రెండు నెలలకే, 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి, భోపాలులో క్రిమిసంహారక మందుల కర్మాగారము నుండి విషవాయువు వెలువడి వేలకొలది జనులు మరణించిరి. ఆ వాయువు స్వభావ మేమి, దానికి చికిత్స ఏమి అను విషయములు రోగుల చుట్టు తిరుగుచున్న అక్కడి వైద్యులకు ఆ వేళ సరిగా తెలియవచ్చినవి కావు. ఎరిగినవారు ఎక్కడనో ఉండుట, కావలసినవారు ఇంకొకచోట ఉండుట, నడుమ దారి లేకపోవుట – ఈ దుఃస్థితికి ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. స్వచ్ఛంద సంస్థలు కంప్యూటరు తీగకై వెదకినది ముచ్చటకు కాదు.

ఇంటర్‌డాక్‌లో పాలుగొన్న సంస్థలలో బ్రెజిలు దేశపు ‘ఇబాసె’ ఒకటి. దానిని 1981లో రియో నగరమున స్థాపించిన వారిలో హెర్బెర్టు డిసౌజా ముఖ్యుడు. జనులు ఆయనను బెతిన్యో అని ముద్దుపేరుతో పిలిచెడివారు. సైనిక పాలనలో దేశము విడిచి, 1979లో క్షమాభిక్ష లభించిన పిమ్మట తిరిగివచ్చినవాడు. ఆయనతోపాటు ఈ సంస్థను నెలకొల్పిన కార్లోసు అఫోన్సో కంప్యూటరు పనికి పూనుకొనెను. భూమి, ఆకలి, కూలి – వీనిని గూర్చిన లెక్కలను సామాన్యులకు అర్థమగునట్లు అందించుట వారి ఆశయము. 1989లో వారు ‘ఆల్తెర్నెక్సు’ అను సమాచార వ్యవస్థను నెలకొల్పిరి. అప్పటికి లండనులో ‘గ్రీన్‌నెట్టు’, అమెరికాలో ‘పీస్‌నెట్టు’, ‘ఎకోనెట్టు’ అను వ్యవస్థలును పనిచేయుచుండెను. 1990లో అమెరికా, ఇంగ్లండు, స్వీడను, కెనడా, బ్రెజిలు, నికరాగువా, ఆస్ట్రేలియా దేశములలోని ఏడు వ్యవస్థలు కలిసి ‘ప్రగతిశీల సమాచార సంఘము’ అని మనము పిలువదగిన ఒక అంతర్జాతీయ సంఘముగా ఏర్పడినవి. దానిని ఆంగ్లాక్షరములతో ఏ.పి.సి. అందురు.

ఈ ఏ.పి.సి.కి గొప్ప పరీక్ష 1992 జూను మాసమున రియోలోనే వచ్చినది. ఐక్యరాజ్యసమితి అక్కడ పర్యావరణమును, అభివృద్ధిని గూర్చిన మహాసభను జరిపినది. ప్రభుత్వముల ప్రతినిధులు నగరపు అంచున నున్న సభాభవనములో కూర్చుండిరి. స్వచ్ఛంద సంస్థల వారు, దాదాపు 17,000 మంది, దూరముగ ఫ్లమెంగో ఉద్యానవనములో తమ సభను జరుపుకొనిరి. ఆ రెండింటి నడుమను, రియోకు రాలేనివారికిని వార్త చేర్చవలెను. ఇబాసె వారును, ఏ.పి.సి. వారును కంప్యూటరులను నెలకొల్పి, పత్రములను, వార్తలను ఏ రోజు కారోజు ప్రపంచమున కందించిరి. రైలు ఖర్చులు గాని విమానపు ఖర్చులు గాని లేని చిన్న సంస్థ తన ఊరిలోనే కూర్చుండి, తన దేశ ప్రతినిధి దేనికి తల ఊపుచున్నాడో చదువగలిగినది.

ఇచ్చట మన మరునాటి ప్రశ్నను వేయవలెను. జూను నెల గడచినది. ప్రతినిధులు విమానము లెక్కిరి. మహాసభ కొరకని సంపాదించిన సంబంధము మాత్రము ఆల్తెర్నెక్సుకు మిగిలినది. విశ్వవిద్యాలయములకు వెలుపల బ్రెజిలు జనులకు ఇంటర్నెట్టు నందించిన మొదటి సంస్థ అదియే యైనది. పెద్ద సభ పేరు చెప్పి తీగ సంపాదించి, సభ ముగిసిన పిమ్మట దానిని ప్రజల పాలు చేయుట – సభను నిర్వహించుటలో ఇంతకు మించిన నేర్పు లేదని మా అభిప్రాయము. పెళ్లికని త్రవ్విన నుయ్యి ఊరి దాహమును తీర్చినట్లు.

మూడేండ్ల తరువాత, 1995లో, చీనా దేశమున నాలుగవ ప్రపంచ మహిళా మహాసభ జరిగినది. అధికార సభ బీజింగులో జరుగగా, స్వచ్ఛంద సంస్థల సభను నగరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్న హువైరోకు పంపిరి. వానలు, బురద, డేరాలు. అందులోనే దాదాపు 30,000 మంది. అక్కడ కంప్యూటరు కేంద్రమును నడపుటకు ఏ.పి.సి. వారు పంపిన బృందములో సుమారు 40 మంది, 24 దేశముల వారు, అందరును స్త్రీలే. తీగలు కలిపినవారు స్త్రీలు. చెడిన యంత్రమును బాగుచేసినవారు స్త్రీలు. మొదటిసారి మీటపై వ్రేలు పెట్టిన వృద్ధురాలికి చేయిపట్టి నేర్పినవారును స్త్రీలే. స్త్రీల హక్కులను గూర్చి వేదిక మీద చేసిన ఉపన్యాసములు ఎన్ని యున్నను, ఈ డేరాలో కనబడినది ఉపన్యాసము కాదు, ప్రత్యక్షము. యంత్రము మగవాని సొత్తు అను భ్రమ అక్కడ వాదనతో గాక పనితో తొలగినది. తాము నేర్చినదానిని తమ తమ దేశములకు మోసికొనిపోయిన ఆ స్త్రీలే ఆ సభకు మరునాటి ఫలము.

ఇక అమెరికా దేశపు మాట. అక్కడ 18, 19 శతాబ్దములలో మెథడిస్టు క్రైస్తవ బోధకులు గుఱ్ఱములెక్కి, దేవాలయము లేని ఊళ్లను వరుసగా చుట్టివచ్చెడివారు. 1990 తరువాత కొందరు కంప్యూటరు విద్య నెరిగినవారు ఆ బోధకుల పేరునే తాము పెట్టుకొని, చిన్న సేవాసంస్థల మధ్య తిరుగసాగిరి. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క నిపుణుని జీత మిచ్చి పెట్టుకొను శక్తి లేదు; కాని పది సంస్థలకు కలిసి ఒక నిపుణుడు వంతులవారీగా తిరుగవచ్చును. మన పల్లెలలో హరిదాసు ఇంటింట ఆగి పోయినట్లు, వీరు సంస్థ సంస్థకు పోయి యంత్రమును సరిచేసి, నేర్పి, ముందునకు సాగెడివారు. వీరు తమలో తాము కలిసికొని అనుభవములు చెప్పుకొన్న సమావేశముల నుండి 2000లో ‘ఎన్‌టెన్’ అను సంఘము పుట్టినది. సేవాసంస్థల సాంకేతిక మహాసభ నది యేటేట జరుపుచు వచ్చినది. ఒంటరిగా పనిచేయు మనిషికి సాటివారి ముఖము చూపుట ఆ సభ మొదటి ఫలము. ఈ విషయమున అది 1914 నాటి బెజవాడ సభకు చుట్టమే.

అయితే కాలము మారినది. 1995 తరువాత వ్యాపారసంస్థలు ఇంటర్నెట్టును చౌకగా అమ్మసాగినవి. తీగను సంపాదించుట ఇక సమస్య కాదు. దానితో స్వచ్ఛంద వ్యవస్థలు తమ చందాదారులను పోగొట్టుకొనినవి. సభలలో చర్చింపదగిన విషయమును మారినది. యంత్రము దొరకునా అని అడిగినవారు, యంత్రము దొరకిన పిమ్మట అది ఎవరి మాట వినును అని అడుగవలసి వచ్చినది.

దీనికి మేము స్వయముగ చూచిన ఒక ఉదాహరణము చెప్పెదము. కొన్నేండ్ల క్రితము ఒక జిల్లా కేంద్రమున ఇట్టి సభ యొకటి జరిగినప్పుడు దాని విశేషములను ధ్వనిముద్రణ చేయుటకు మేము పోయితిమి. పేరు చెప్పుట భావ్యము కాదు. వేదిక మీద ఒక దాత పది గ్రామసంఘములకు పది కంప్యూటరులను బహూకరించెను. పూలదండలు, ఛాయాచిత్రములు, కరతాళధ్వనులు. ఏడాది తరువాత వేరొక పని మీద ఆ సంఘములలో ఒకదానికి పోయినప్పుడు ఆ యంత్రము బల్లమీదనే యున్నది. దుమ్ము పడకుండ పాత చీర కప్పియున్నది. దానిని తెరచుటకు కావలసిన రహస్యపదము ఎరిగిన కుఱ్ఱవాడు ఉద్యోగమునకై పట్నము పోయెనట. రెండేండ్ల పొదుపు లెక్కలు అందులో నున్నవి. సంఘపు పెద్దావిడ మాతో, “లెక్క లున్నవి బాబూ, మాకు మాత్రము లేవు” అనెను. ఆమె నోటుపుస్తకములో మరల మొదటినుండి వ్రాసికొనుచుండెను. ఆనాటి సభను మేము జయప్రదముగ జరిగినదని ప్రసారము చేసి యుంటిమి. ఆ మాటను నేడు మార్చుకొనుచున్నాము.

ఈ లోపమును ఎరిగి, సభ స్వరూపమునే మార్చవలెనని యత్నించినవారు లేకపోలేదు. 2003లో క్రొయేషియా దేశపు విస్ ద్వీపమున, 2004లో ఆఫ్రికా ఖండపు నమీబియాలో, 2005లో మన బెంగుళూరులో, 2006లో యుగాండాలో, 2007లో ఇండొనేషియాలో వరుసగా ‘సోర్సు’ శిబిరములు జరిగినవి. ఆంస్టర్‌డాము నగరమున ఏర్పడిన ‘టాక్టికల్ టెక్’ అను సంస్థ, ఆయా దేశములలోని సంస్థలతో కూడి వీనిని నిర్వహించినది. బెంగుళూరు శిబిరమునకు ఆ నగరపు ‘మహితి’ తోడ్పడినది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును సేవాసంస్థలకు నేర్పుట వీని ముఖ్యోద్దేశము. కంప్యూటరును నడపు ఆదేశముల కూర్పునే సాఫ్ట్‌వేరు అందురు. సామాన్యముగ దానిని అమ్ము సంస్థ దాని లోపలి కట్టుబాటును చూడనీయదు, మార్చనీయదు, ఇరుగుపొరుగునకు ఈయనీయదు. చూచుటకు, మార్చుటకు, పంచుటకు హక్కు గలదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. రిచర్డు స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన ఉద్యమమునకు మూల మిదియే. గ్రంథాలయ మెట్టిదో ఎరిగిన ఆంధ్రులకు ఈ సిద్ధాంతము వింతగా తోపదు.

బెంగుళూరు శిబిరము 2005 జనవరి చివర మొదలై సుమారు వారము దినములు సాగినది. ఆసియా దేశముల నుండి నూరుమందికి పైగా వచ్చిరి. వచ్చినవారు ఒకచోటనే బస చేసి, కలిసి భుజించి, చిన్న చిన్న గుంపులుగ కూర్చుండి ఒకరికొకరు నేర్పుకొనిరి. ఒక పూట శిష్యుడైనవాడు మరుపూట గురువగును. 2004 డిసెంబరు 26 నాటి సునామీ గాయము అప్పటికి పచ్చిగ నుండెను. శ్రీలంకలో స్వచ్ఛందముగ ముందునకు వచ్చిన కంప్యూటరు నిపుణులు, తప్పిపోయినవారిని, శిబిరములను, సహాయసామగ్రిని లెక్కించుటకు ‘సహన’ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఆ దినములలోనే కూర్చిరి. దానిని పిమ్మట ఇతర దేశముల వారును విపత్తులలో ఉపయోగించుకొనిరి. ఎవ్వరి అనుమతి కొరకు వేచియుండ నక్కరలేకుండుట ఆపదలో ఎంత మేలో అందువలన తెలిసినది.

ఇప్పుడు ఆ బరోడా పెట్టెను జ్ఞాపకము చేసికొందము. సేవాసంస్థలకు కావలసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఏరి, చిన్న చిన్న పళ్లెములవంటి డిస్కుల మీద ఎక్కించి, ఉపయోగించు విధమును వ్రాసిన కాగితములతో కూడ ఒక పెట్టెలో పెట్టి టాక్టికల్ టెక్ వారు పంచిరి. దానికి వారు పెట్టిన పేరును తెలుగున ‘పెట్టెలో సేవాసంస్థ’ అని చెప్పుకొనవచ్చును. ఇంటర్నెట్టు నిదానముగ నడచు ఊళ్లకు ఆ పెట్టె పోయినది. దాదాపు నూరేండ్ల వ్యవధిలో సాధనము మారినది గాని, ఉపాయము మారలేదు. అందనివాని కందునట్లు సర్ది పంపవలెను. పంపినదానితో నేర్చుకొను దారిని గూడ పంపవలెను. దాతయిచ్చిన పది కంప్యూటరులకు లోపించినది ఈ రెండవదే.

మన హైదరాబాదును ఈ చరిత్రలో తావు సంపాదించినది. ఐక్యరాజ్యసమితి సమాచార సమాజమును గూర్చి 2003లో జెనీవాలోను, 2005లో ట్యూనిసులోను మహాసభలు జరిపినది. జెనీవాలో స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వముల ప్రకటనతో తృప్తి చెందక తమ ప్రకటనను తాము వేరుగ వెలువరించినవి. ట్యూనిసు సభ ఫలితముగ ‘ఇంటర్నెట్టు పరిపాలన వేదిక’ ఏర్పడి, 2006లో ఏథెన్సున, 2007లో రియోలో, 2008 డిసెంబరు 3 నుండి 6 వరకు హైదరాబాదులో కూడినది. అందరకు ఇంటర్నెట్టు అనునది హైదరాబాదు సభ ఆదర్శవాక్యము. దానికి వారము ముందే బొంబాయిలో ఉగ్రవాదుల దాడి జరిగి దేశమంతయు దుఃఖమున మునిగియుండెను. రాదలచినవారిలో కొందరు ప్రయాణము మానుకొనిరి. అయినను సభ ఆగలేదు. వేదిక మీద పలికిన మాటలు వెంటనే తెరమీద అక్షరములుగ కనబడుచుండుటచేత చెవులు వినరానివారును చర్చను అనుసరింపగలిగిరి.

ఆ సభలో ప్రభుత్వములతో, కంపెనీలతో సమానముగ సేవాసంస్థలకు కుర్చీ లభించినది. అది పెద్ద విజయమే. ఇంటర్నెట్టు బహుభాషలలో నుండవలెనని అక్కడ చర్చించిరి. కాని ఐక్యరాజ్యసమితి ఆరు భాషలలో తెలుగు లేదు. భాగ్యనగరమున జరిగిన సభకు మన పల్లె సంఘపు కార్యదర్శి వచ్చినచో కూర్చుండుటకు కుర్చీ దొరకును; వినుటకు మాట దొరకదు. కంప్యూటరుకు తెలుగు నేర్పుటకై ఆ నగరముననే కొందరు యువకులు వేతనము లేకయే శ్రమపడుచున్న దినములవి. సభాభవనములోని చర్చకును, వారి శ్రమకును నడుమ వంతెన కట్టుట ఎవరి పని? ఆ పని నేటికిని పూర్తికాలేదని మేము తలంచుచున్నాము.

2020లో మహమ్మారి వచ్చి సభాభవనముల తలుపులు మూయించినది. ఆ మార్చిలో బాల్టిమోరున జరుగవలసిన ఎన్‌టెన్ మహాసభ రద్దయినది. తరువాతి రెండేండ్లు అది తెరమీదనే జరిగి, 2023లో డెన్వరున మరల మనుష్యులు ఎదురెదురుగ కలిసికొనిరి. తెరమీది సభకు ప్రయాణపు ఖర్చు లేదు. వికలాంగులకు, పసిబిడ్డల తల్లులకు అది సౌకర్యము. అయితే సభలో ఉపన్యాసమునకంటె విలువైనది విరామవేళ కాఫీ త్రాగుచు, “మా ఊరిలో ఇట్లు చెడినది, మీరేమి చేసితిరి?” అని ఒకరి నొకరు అడుగుకొను మాట. ఆ మాటకు తెరమీద చోటు తక్కువ. ఓటమిని నిండు సభలో చెప్పుకొనుటకు ధైర్యము చాలదు. నమ్మిన మనిషి చెవిలో చెప్పుకొనుటకు చాలును. రెండు పద్ధతులను కలిపి సభలు జరుపుట ఇప్పుడు వాడుకలోనికి వచ్చినది, అది మంచిదే.

ఈనాటి సభలలో కృత్రిమ మేధను గూర్చి చర్చించుచున్నారు. ఉత్తరములు వ్రాయు యంత్రము, లెక్కలు చూచు యంత్రము, భాషలు మార్చు యంత్రము. వెల్లెత్రిలో మోడెమును చూచి ఆశపడి, అనుమానపడిన వారివలెనే నేటివారును ఆశపడుచు, అనుమానపడుచున్నారు. అది సహజము. అయితే ఈ చరిత్ర మనకు నేర్పిన పాఠమును గుర్తుంచుకొనవలెను. సభ జరుపువారు ముందుగ తలపవలసినది వేదిక నలంకరించువా రెవ్వరని కాదు. వెనుక వరుసలో కూర్చున్న చిన్న సంస్థవాడు ఇంటికి పోయిన పిమ్మట తన చేతులతో చేయగల పని యేమి? యంత్రము చెడినచో అత డడుగదగిన మనిషి ఎవరు? అతని లెక్కలు, అతని సభ్యుల పేర్లు ఎవరి పెట్టెలో నున్నవి, తాళపుచెవి ఎవరి మొలలో నున్నది? చర్చ అతని భాషలో జరిగినదా? సభకు ధనమిచ్చిన వ్యాపారి తన సరుకు నమ్ముకొనుటకు ఇచ్చెనా, సంస్థలు తమ కాళ్లమీద నిలుచుటకు ఇచ్చెనా? ఈ ప్రశ్నలకు సమాధానము సిద్ధము చేసికొనిన పిమ్మటనే పందిరి గుంజ పాతవలెను.

పాత చీర కప్పిన ఆ కంప్యూటరును మేము మరువలేదు. ఇటీవల ఆ ప్రాంతమునకు మరల పోవుట తటస్థించినది. మండల కేంద్రము నుండి కంప్యూటరు నేర్చిన ఒక యువతి నెలకు రెండుమారులు ఆ సంఘములను వరుసగా చుట్టివచ్చుచున్నది. మీటలమీద తెలుగక్షరములు అంటించియున్నవి. రహస్యపదమును ముగ్గురు సభ్యురాండ్రు ఎరుగుదురు. ఇదంతయు ఏ మహాసభ తీర్మానము వలన జరిగినది కాదు. పొరుగు మండలమున జరిగిన ఒక చిన్న సమావేశమునకు ఆ పెద్దావిడ పోయి, అక్కడివారు చేసినదానిని చూచివచ్చి, తన ఊరిలోను అట్లే చేయించినది. నలుబదిమంది కూర్చున్న సమావేశమట అది. దండలు లేవు, ఛాయాచిత్రములు లేవు; మధ్యాహ్నము పులిహోర పెట్టిరట. ఈ మారు మాకు ధ్వనిముద్రణ చేయుటకు సభ లేదు. ఆమె లెక్కలు చదువుచుండగా ఆ కంఠమును ముద్రించుకొని వచ్చితిమి.